ముందు గాలి బరువు తూచు

ఒరేయ్ రఘూ,

మార్స్ ధ్రువాల్లో మంచు కరిగిస్తే గ్రహమంతా వెచ్చబడుతుందని రాశావే, ముందు కాగితం తీసి ఒక్క భాగహారం చెయ్యరా. మనకి చదరపు మీటరు నేల మీద పది టన్నుల గాలి ఉంది. అక్కడ గురుత్వం మనదాంట్లో 38 శాతమే కాబట్టి అదే పీడనం రావాలంటే 27 టన్నులు పేర్చాలి. ఇప్పుడున్నది 160 కిలోల పైచిలుకు. మిగతాది ఆకాశం నుంచి ఊడిపడాలి! 2018లో శాస్త్రవేత్తలు జకోస్కీ, ఎడ్వర్డ్స్ లెక్కేస్తే ధ్రువాలూ మట్టీ అన్నీ ఊడ్చినా చేతికందే కార్బన్ డయాక్సైడ్ 20 మిల్లీబార్ల దగ్గరే ఆగింది (మన గాలి పీడనం వెయ్యి మిల్లీబార్ల పైమాటే). దాంతో పది డిగ్రీలు కూడా పెరగవు. 63 మిల్లీబార్లు లేకపోతే ఒంటి వేడికే నీళ్లు మరుగుతాయి, అదింకో గొడవ.

అందుకే నా ఓటు గ్రహమంతటికీ కాదు, పైన కప్పు వేసి మొక్కలు పెంచే చిన్న మడికే. నేల కింద మంచున్న చోట రెండు మూడు సెంటీమీటర్ల సిలికా ఏరోజెల్ (గాజు జాతిది, లోపలంతా గాలి గదులే ఉండే తేలికపాటి పదార్థం) కప్పితే అడుగున 50 డిగ్రీల దాకా వేడి పెరుగుతుందని 2019లో ల్యాబులో ప్రయోగం చేసి చూపించారు. వెలుతురు దిగుతుంది, అతినీలలోహిత కిరణాలు ఆగిపోతాయి.

చిక్కంతా కప్పుతోనే. లోపల 100 మిల్లీబార్లు నింపావనుకో, అది పైకి లేచిపోవాలని చూస్తుంది. బరువుతో తొక్కిపెట్టాలంటే చదరపు మీటరుకి రెండున్నర టన్నుల మట్టి కావాలి, మట్టి పోస్తే వెలుతురు పోయె! కాబట్టి కింది రాతిలోకి లంగర్లు దించి తాళ్లతో బిగించాల్సిందే. ఏరోజెల్ పెళుసు, లాగితే పగులుతుంది. అందుకని లాగుడు భారమంతా పైపొర ఫిల్ము మోయాలి, ఏరోజెల్ దాని కింద ఊరికే వేలాడాలి. దుమ్ము దులిపే ఏర్పాటు మరిచిపోకు. 2018 దుమ్ము తుఫానులో సౌరఫలకాలకి వెలుతురందక ఆపర్చునిటీ రోవర్ మూగబోయింది.

అక్కడి మట్టిలో అర శాతం దాకా పెర్‌క్లోరేట్ అనే క్లోరిన్ లవణం ఉంటుంది, థైరాయిడ్‌కి అయోడిన్ అందనివ్వదు. నీళ్లలో ఇట్టే కరుగుతుంది కాబట్టి కడిగెయ్, ఆ నీళ్లు ఆవిరిచేసి మళ్లీ పట్టుకో. దాన్ని తిని క్లోరైడ్‌గా మార్చే బాక్టీరియా కూడా ఉంది, పైగా ఆక్సిజన్ వదులుతుంది.

ఆక్సిజన్‌కి దారుంది. నాసా పర్సెవరెన్స్ రోవర్ మీది మాక్సీ పరికరం అక్కడి గాలి నుంచే 16 విడతల్లో 122 గ్రాములు తీసింది. అందరూ మరిచిపోయేది మొక్కలకీ, లోపల గాలి నింపడానికీ కావాల్సిన నైట్రోజన్ని. చదరపు మీటరు మీద ఉన్నదంతా పిండినా మూడు కిలోలు రాదు. చుట్టుపక్కల గాలంతా పట్టి కుదించి వేరుచేయాలంటే కంప్రెసర్లు ఎంత కరెంటు తాగుతాయో నువ్వే వెయ్యి లెక్క.

ఈసారి బొమ్మలో లంగర్లు ఎక్కడెక్కడ దించుతావో కూడా గీసి పంపు.

నీ
శీను