దీపాలు సరే, పునాది లోతెంత?

సంపాదకులకు,

మన నదిపై కట్టబోయే నడక వంతెన గురించి గత వారం మీరు వేసిన వార్తలో రంగు దీపాలున్నాయి, గాజు నేల ఉంది, సెల్ఫీలకు చోటుంది. గరిష్ఠ వరద మట్టం ఎంతో, వంతెన అడుగు దానికి ఎంత పైన ఉంటుందో, పునాది ఎంత లోతుకు దిగుతుందో ఒక్క ముక్క లేదు. అధికారులు చెప్పలేదా, విలేకరి అడగలేదా?

నదిలో స్తంభానికి అసలు గండం కింది కోత. స్తంభాన్ని కొట్టుకుని సుడి తిరిగే నీరు దాని మొదట్లో ఇసుకను తోడేస్తుంది. వరద తీశాక ఆ గుంత మళ్లీ పూడుతుంది కాబట్టి వేసవి తనిఖీలో ఏమీ కనబడదు. వరద మట్టం నుంచి కొలిచే సగటు కోత లోతుకు స్తంభం దగ్గర రెండింతలు పట్టి, పునాదిని ఇంకా కిందికి దించాలి. ఇందుకు ప్రతి స్తంభం చోటా మట్టి పరీక్షకు బోరు వేయాల్సిందే. ఒడ్డున రెండు బోర్లు వేసి నడి ఏటి మట్టిని ఊహించడం నేరం.

మనుషులే కదా, బరువెంతలే అనుకోవద్దు. కిక్కిరిసిన జనానికి చదరపు మీటరుకు 500 కిలోలు లెక్క. వంద మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పుకి అది 150 టన్నులు! బరువుకి తోడు ఊపు. మనిషి సెకనుకు దాదాపు రెండడుగులు వేస్తాడు, అంటే పక్కకు తోపు సెకనుకొకసారి ఎడమకూ కుడికీ మారుతుంది. వంతెన సహజ కంపనం, అంటే అది తనంతట తాను ఊగే లయ, దానికి దగ్గరైతే ఊగడం మొదలవుతుంది, జనం నిలదొక్కుకోవడానికి అదే లయలో అడుగులేసి ఊపును ఇంకా పెంచుతారు. లండన్ మిలీనియం వంతెనను 2000 జూన్ 10న తెరిచి రెండు రోజులకే మూశారు. ఊపును అణిచే డాంపర్లు దాదాపు 90 బిగించాక, 2002లో గానీ మళ్లీ తెరవలేదు. మన నమూనాలో సన్నటి నేల గొప్పగా చూపించారు, కంపన లెక్క ఎక్కడ?

గుజరాత్‌లోని మోర్బీని అప్పుడే మరిచిపోయారా? 2022 అక్టోబరులో అక్కడి వేలాడే వంతెన కూలి 130 మందికి పైగా చనిపోయారు. తెగిన ప్రధాన కేబుల్‌లో 49 తీగలకు 22 ముందే తుప్పు పట్టాయని దర్యాప్తు తేల్చింది. నేలకు కొత్త అల్యూమినియం పలకలు వేశారు గానీ ఆ కేబుల్‌ని మార్చలేదు. కంటికి కనబడేదానికే డబ్బు పెట్టే ఈ జబ్బు ఎప్పటికి వదులుతుంది? స్తంభాల మీద వంతెనను మోసే బేరింగులు, కీళ్లు, నీటి తూములు శుభ్రం చేయడానికి అంచనాల్లో ఏటా ఒక పద్దు కూడా ఉండదు.

ఇంకొకటి. మీరు వేసిన చిత్రంలో వంతెనకు రెండు వైపులా మెట్లే ఉన్నాయి. 12కి 1 వాలుతో ఆరు మీటర్లు ఎక్కాలంటే 72 మీటర్ల ర్యాంప్ కావాలి, మధ్యలో ఆగే చదును వేరే. దానికి స్థలం ఇప్పుడే తీసుకోకపోతే చక్రాల కుర్చీవాళ్లు ఒడ్డునే ఉండిపోతారు. తడిస్తే జారే గాజు నేల ఎవరి ఆలోచనో గానీ, వెంటనే మానుకోవాలి.

టెండరు పిలవకముందే బోరు ఫలితాలు, వరద మట్టం, కంపన లెక్క, ఏటేటా తనిఖీ పద్దు అధికారుల నుంచి తెప్పించి మీ పత్రికలో అచ్చు వేయండి.

— ఒక పాఠకుడు