బుట్టకమ్మ చేతిపనో, అచ్చుపనో బిల్లు మీద రాయాలి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే మన సీమ ఊళ్లలోని నగల దుకాణాల్లో ‘లేపాక్షి డిజైను, పూర్తిగా చేతిపని’ అన్న చీటీలు వేలాడతాయి. వాటిలో నిజంగా చేత్తో చేసినవీ ఉన్నాయి. రబ్బరు అచ్చులో మైనం పోసి, ఆ మైనం బొమ్మ ఉన్న చోట బంగారం పోసి తీసిన పోతపని కూడా అదే చీటీతో అమ్ముడవుతోంది. ఉక్కు అచ్చు కింద రేకు పెట్టి కొట్టిన అచ్చుపనీ అంతే. పోతపని, అచ్చుపని చెడ్డవని మేము అనడం లేదు. చేతిపనికి వేసే తరుగు, మజూరీ వాటికీ వేయడమే అన్యాయం. హాల్‌మార్కు ఈ తేడా చెప్పదు. 22కె916 అన్న అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు సంకేతం బంగారం స్వచ్ఛతకు సాక్ష్యం, పనితనానికి కాదు.

చేతిపని అంటే ఏమిటో కొనేవారికి తెలియాలి కాబట్టి ఒక్క జత బుట్టకమ్మల లెక్క చెబుతాం.

అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన లేపాక్షి గుడిలో లతా మండపం స్తంభాల మీద తీగలు, పూలు ఉన్నాయి. చీరల అంచులకు వాటిని ఎప్పటి నుంచో వాడుతున్నారు. చీర బల్లపరుపు గుడ్డ కాబట్టి స్తంభం మీది గీతను ఉన్నదున్నట్టు దించుకోవచ్చు. బుట్ట గుండ్రం, పైకి పోయేకొద్దీ సన్నం. 14 మిల్లీమీటర్ల వెడల్పున్న బుట్ట అంచు చుట్టుకొలత 44 మిల్లీమీటర్లు. సగం ఎత్తుకు వచ్చేసరికి అది 38 అవుతుంది. కాబట్టి అంచు దగ్గర ఐదున్నర మిల్లీమీటర్ల పువ్వు గీస్తే సరిగ్గా ఎనిమిది పడతాయి. లెక్క చూడకుండా ఆరు మిల్లీమీటర్ల పువ్వు మొదలుపెడితే ఏడు పట్టి రెండు మిల్లీమీటర్లు మిగులుతుంది. ఆ సందులో ఏదో ఒక చుక్క అతికించి సర్దేస్తారు. నగ తిప్పి చూస్తే ఆ అతుకు వెంటనే కంటికి తగులుతుంది.

రాయికి, బంగారానికి ఇంకో తేడా ఉంది. రాతి తీగ నీడ వల్ల కనిపిస్తుంది. మెరిసే బంగారం మీద అంత చిన్న నీడ నిలవదు. అందుకే స్తంభం మీద మూడు ఆకులుంటే నగ మీద ఒకటే ఉంచాలి. గీతకు 0.4 మిల్లీమీటర్ల తీగ వాడితే గీతల మధ్య సందు కూడా అంతకు తగ్గకూడదు. తగ్గితే టంకం కరిగి రెండు గీతల మధ్యకు పారుతుంది, ఆకు కాస్తా ముద్దవుతుంది. శిల్పంలోని ప్రతి ఆకూ దించాలనే ఆశ వల్లే చాలా లేపాక్షి నగలు మసకగా కనిపిస్తాయి.

ఇక పని. 10 గ్రాముల మేలిమి బంగారానికి వెండి, రాగి రెండూ కలిసి 0.91 గ్రాములు చేరిస్తే 22 క్యారెట్లు. మూసలో కరిగించి, సాగగొట్టి 0.25 మిల్లీమీటర్ల రేకు తీయాలి. బుట్ట వెడల్పుకు సుమారు 1.4 రెట్లు బిళ్ల కోయాలి, అంటే 14కు 20 మిల్లీమీటర్లు. ఈ బిళ్ల 1.4 గ్రాములు తూగుతుంది. గుంటల దిమ్మెలో పెద్ద గుంట నుంచి చిన్న గుంటకు కొట్టుకుంటూ రావాలి. మధ్యమధ్యలో కాల్చి మెత్తబరచకపోతే బంగారం బిరుసెక్కి అంచు చీలుతుంది. చీలిన అంచును టంకంతో పూడ్చితే ఆరోజుకు బాగానే ఉంటుంది, రాళ్లు పొదిగే ఒత్తిడికి మళ్లీ అక్కడే విచ్చుకుంటుంది.

రవ్వంత గుండ్ల పని వేరు. 0.4 మిల్లీమీటర్ల తీగను 0.9 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, బొగ్గుపొడిలో ఒకదానికొకటి తగలకుండా పరిచి మంట పెడితే ప్రతి ముక్కా తనంతట తానే 0.6 మిల్లీమీటర్ల గుండు అవుతుంది. ముక్కల పొడవు సమానంగా లేకపోతే గుండ్లూ సమానంగా రావు. వాటిని బుట్ట మీద నిలపడానికి గురివింద గింజ అరగదీసిన జిగురు వాడతారు. తొక్క తీసిన గురివింద పప్పు విషం, ఆ గిన్నె పిల్లలకు అందకూడదు. జిగురు ఆరాక వెలిగారం రాసి, పొడిలాంటి టంకం చల్లి ఊదుగొట్టంతో కాలుస్తారు. మొదటి అతుకులకు ఎక్కువ వేడికి కరిగే టంకం, చివరి అతుకులకు తక్కువ వేడికి కరిగేది వాడాలి. ఇది తారుమారైతే గుండ్లు అతికేలోగా అంతకుముందు అతికిన అంచు ఊడివస్తుంది. ఎండలో కూర్చుని ఈ పని చేయకూడదు. వెలుతురులో బంగారం ఎరుపెక్కడం కనిపించదు, కనిపించేసరికి రేకు కుంగిపోతుంది.

బుట్ట కింద వేలాడే గంటలకు లేపాక్షి నందిని మించిన నమూనా లేదు. సుమారు 27 అడుగుల పొడవున్న ఏకశిలా నంది మెడలో గంటల హారం చూడండి. రాతిలో గంటలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నా నష్టం లేదు. బంగారంలో అలా పెడితే కొక్కేలు రాసుకుని అరుగుతాయి. మూడు మిల్లీమీటర్ల గంటలు పదకొండు, ఒక్కోదానికి మధ్య ఒక మిల్లీమీటరు వదిలితే బుట్ట అంచు 44 మిల్లీమీటర్లకు సరిపోతుంది. ప్రతి కొక్కెం నోరు టంకంతో మూయాలి. నొక్కి వదిలేసినవి ఆరు నెలలకే తెరుచుకుని గంటలు రాలిపోతాయి. ముత్యాలు పెట్టేటట్లయితే మంట పని అంతా ముగిశాకే. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ముందు ముత్యాలు విప్పించుకోండి, వేడికి అవి పనికిరాకుండా పోతాయి.

కొనేటప్పుడు పదింతలు చూపే భూతద్దం ఒకటి చాలు. పోతపనిలో రెండు బుట్టల మీదా ఒకే చోట ఒకే లోపం ఉంటుంది, ఎందుకంటే రెండూ ఒకే అచ్చు పిల్లలు. గీతల అంచులు మొద్దుగా, అక్కడక్కడ సూదిమొన గుంటలతో ఉంటాయి. అచ్చుపనిలో వెనక్కి తిప్పితే ముందున్న పువ్వే గుంటగా కనిపిస్తుంది. చేతిపనిలో తీగ కొసలు కలిసిన చోటు తెలుస్తుంది, కుడి ఎడమ బుట్టలకు వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడాను లోపమని వెనక్కి ఇచ్చేవారిని చూస్తే బాధేస్తుంది.

లోపల లక్క నింపిన నగ అయితే మొత్తం తూకానికి బంగారం ధర కట్టకండి. బిల్లులో నికర తూకం విడిగా ఉండాలి, అది నిబంధన. రాళ్లు పొదిగే కుందన్, పోల్కీ, జడావు రకాల నగలకు, రెండు గ్రాముల లోపు వస్తువులకు హాల్‌మార్కు తప్పనిసరి కాదు కాబట్టి వాటికి బిల్లు ఇంకా ముఖ్యం. లక్క నగను వేడినీళ్లలో కడగకూడదు, గోరువెచ్చని కుంకుడు నీళ్లు చాలు.

దుకాణదారులను మేము కోరేది ఒక్కటే. బిల్లులో స్వచ్ఛత, నికర తూకం రాసే వరుసలోనే ‘చేతిపని’, ‘అచ్చుపని’, ‘పోతపని’ అని మూడింటిలో ఒక మాట రాయండి. రెండూ కలిస్తే, అంటే అచ్చు బుట్టకు చేత్తో గుండ్లు అతికిస్తే, అదీ రాయండి. ప్రొద్దుటూరును రెండో ముంబయి అంటారు. ఈ పద్ధతి అక్కడి బజారులో మొదలైతే మిగతా ఊళ్లు అనుసరిస్తాయి. కొనేవారు కూడా తరుగు శాతం అడిగే ముందు ఆ మాట రాయమని అడగాలి.

– కొందరు స్వర్ణకారులు,
ప్రొద్దుటూరు, కడప జిల్లా