అమెరికా వెళ్లే పిల్లలకు టోర్నడో గురించి కూడా చెప్పి పంపండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా జూన్, జులై వచ్చేసరికి మీ పత్రికలో అమెరికా చదువుల గురించి పేజీలకు పేజీలు వస్తాయి. వీసా ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు, బ్యాంకు లోను ఎలా తీసుకోవాలి, సూట్‌కేసులో ఎన్ని కిలోలు పట్టుకెళ్లొచ్చు, అన్నీ రాస్తారు. మా బంధువుల పిల్లలు ఆ పేజీలు కత్తిరించి దాచుకుంటారు. వాళ్లలో చాలామంది చేరేది టెక్సాస్, ఓక్లహోమా, మిస్సోరీ, అలబామా లాంటి రాష్ట్రాల్లోనే. అక్కడ టోర్నడో, అంటే మేఘం నుంచి నేల దాకా దిగే భీకరమైన సుడిగాలి, వస్తే ఏం చేయాలో మాత్రం ఒక్క ముక్క కూడా ఎవరూ చెప్పి పంపడం లేదు. ఆ లోటు మీరు పూరించాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

2011 ఏప్రిల్ 27న నేను అలబామాలోని టస్కలూసాలో ఉన్నాను. మావారు అప్పట్లో అక్కడ చదువుకుంటున్నారు. ఆ ఒక్క రోజే అమెరికాలో, ఎక్కువగా దక్షిణాది రాష్ట్రాల్లో, రెండు వందలకు పైగా టోర్నడోలు పుట్టాయి. మూడు వందల మందికి పైగా చనిపోయారు. అందులో అలబామా వాళ్లే 230 మందికి పైగా ఉన్నారు. మా ఊరి మీదుగా వెళ్లినది 80 మైళ్ల దూరం నేలను వదలకుండా బర్మింగ్‌హామ్ దాకా పోయింది, దారిలో 64 మందిని పొట్టన పెట్టుకుంది.

మాది కృష్ణా జిల్లా. 1977 దివిసీమ ఉప్పెన కబుర్లు ఇంట్లో పెద్దవాళ్ల నోట వింటూ పెరిగాను. తుపాను గురించి ఇప్పుడు రోజుల ముందే కబురు వస్తుంది. ఎక్కడ తీరం దాటుతుందో చెబుతారు, లోతట్టు ఊళ్లు ఖాళీ చేయిస్తారు. టోర్నడోకి అంత వ్యవధి ఉండదు. ఫలానా రోజు ప్రమాదం ఎక్కువని ముందే చెప్పగలరు. ఏప్రిల్ 27 గురించి కూడా చెప్పారు, చాలా స్కూళ్లు మధ్యాహ్నమే వదిలేశారు. కానీ ఏ వీధి మీద పడుతుందో తెలిసేది చాలాసార్లు పది పదిహేను నిమిషాల ముందే. అప్పుడు ఏం చేద్దామని ఆలోచించుకునే టైం ఉండదు. ఎక్కడ దాక్కోవాలో అంతకుముందే తెలిసి ఉండాలి.

ఆ రోజు తెల్లవారుజామునే ఒక విడత గాలివాన వచ్చి అలబామాలో ఎన్నో ఊళ్లకు కరెంటు తీసేసింది. టీవీ లేదు, ఇంటర్నెట్ లేదు. అసలు గండం మధ్యాహ్నం నుంచి మొదలైతే, హెచ్చరిక వినే దారి చాలామందికి పొద్దున్నే పోయింది. మా వైపు అదృష్టవశాత్తు కరెంటు ఉంది. టీవీలో వాతావరణ నిపుణుడు జేమ్స్ స్పాన్ గంటల తరబడి మాట్లాడుతూనే ఉన్నారు. సాయంత్రం ఐదు దాటాక టస్కలూసా టవర్ కెమెరాలో నల్లటి గోడ లాంటిది ఊరి వైపు జరుగుతూ కనిపించింది. మామూలుగా సినిమాల్లో చూపించే సన్నటి గరాటు కాదు. అంత పెద్దది కాబట్టే, చూస్తున్నది టోర్నడో అని మొదట చాలామందికి తట్టలేదు.

మా పైన మూడో అంతస్తులో ఇద్దరు తెలుగు కుర్రాళ్లు ఉండేవారు. వాళ్లు బాల్కనీలో నిలబడి ఫోన్‌తో వీడియో తీస్తున్నారు. మావారు మెట్లెక్కి వెళ్లి కేకలేస్తే, "సైరన్ పొద్దుట్నుంచీ మోగుతూనే ఉంది కదన్నా" అన్నారు. అయినా వదలకుండా ఇద్దర్నీ కిందికి లాక్కొచ్చారు. కిటికీ లేని బాత్రూమ్‌లో నలుగురం ఇరుక్కుని మంచం మీది పరుపు నెత్తిన కప్పుకున్నాం. కరెంటు పోయింది. చెవులు దిబ్బళ్లు పడ్డాయి. గోడ మా వీపులకు ఆనుకుని వణకడం తెలుస్తోంది. ఎంతసేపు ఉన్నామో చెప్పలేను.

బయటికొచ్చి చూస్తే ఆ పిల్లల ఫ్లాట్‌కి పైకప్పు లేదు. వాళ్లు నిలబడ్డ బాల్కనీ లేదు. ఇళ్ల గోడల్లో కూరే గులాబీ రంగు ఇన్సులేషన్ పీచు చెట్ల కొమ్మలకు వేలాడుతోంది, విరిగిన పైన్ చెట్ల వాసన, దాంతోపాటు గ్యాస్ వాసన. ఫిఫ్టీన్త్ స్ట్రీట్, మెక్‌ఫార్లాండ్ కలిసే కూడలి నాకు బాగా తెలిసిన చోటు. దుకాణాల బోర్డులన్నీ పోవడంతో మర్నాడు అక్కడ నిలబడి కూడా ఎటు చూస్తున్నానో గుర్తుపట్టలేకపోయాను. యూనివర్సిటీ భవనాలు తప్పించుకున్నాయి గానీ, ఆరుగురు విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పరీక్షలు రద్దు చేశారు, పట్టాల పండుగ ఆగస్టుకి జరిపారు.

ఇండియాలో అప్పుడు తెల్లవారుజాము నాలుగు కావస్తోంది. పొద్దున టీవీ పెట్టిన అమ్మానాన్నలు రోజంతా ఫోన్ చేస్తూనే ఉన్నారు, లైన్ కలిస్తే కదా. ఎలాగో ఒక మెసేజ్ వెళ్లింది. కాల్ కలవనప్పుడు కూడా మెసేజ్ వెళ్లొచ్చు. ఈ సంగతి ఇక్కడి తల్లిదండ్రులకు ముందే తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఉత్తరాన హంట్స్‌విల్‌లో అయితే హైటెన్షన్ లైన్ల టవర్లు కూలి, దాదాపు వారం పాటు ఊరంతా చీకటి. బ్రౌన్స్ ఫెర్రీ అణు విద్యుత్ కేంద్రానికి కూడా బయటి కరెంటు తెగిపోయి రియాక్టర్లు ఆగిపోయాయి.

ఆ కుర్రాళ్ల సంగతి చెప్పాలి. ఇంటర్ నుంచి బీటెక్ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఒకే ఫైల్లో పెట్టుకుని తెచ్చుకున్నారు. ఆ ఫైలు మళ్లీ దొరకలేదు. ఆ రోజు ఉత్తర అలబామా ఇళ్లలోని ఫొటోలు, కాగితాలు ఎగిరి పక్క రాష్ట్రం టెన్నెసీలో పడ్డాయి. ఇద్దరూ కలిసి కొనుక్కున్న పాత కారు పైన్ చెట్టు కింద నలిగిపోయింది. చవగ్గా వస్తుందని లయబిలిటీ ఇన్సూరెన్స్ మాత్రమే కట్టారు. అది మనం ఎదుటివాళ్లకు చేసిన నష్టానికే తప్ప, చెట్టు పడితే పైసా ఇవ్వదు. అద్దె ఇంట్లోని మన సామానుకు రెంటర్స్ ఇన్సూరెన్స్ అనేది ఒకటుందనే వాళ్లకు తెలియదు. నెలకు పదీ ఇరవై డాలర్లలో వచ్చేది, గాలికి పోయిన సామాను డబ్బు తిరిగి ఇచ్చేది.

ప్రభుత్వం ఇస్తుంది కదా అనుకుంటారు మనవాళ్లు. అక్కడ కేంద్రం ఇచ్చే నగదు సాయం పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, శరణార్థుల్లాంటి మరికొందరికి మాత్రమే. విద్యార్థి వీసా, హెచ్-1బి మీద ఉన్నవాళ్లు తమ పేరున అడగడానికి లేదు. తలదాచుకునే చోటు, తిండి, నీళ్లు మాత్రం ఎవరికైనా దొరుకుతాయి, వీసా ఏదైనా సరే భయపడకుండా వెళ్లొచ్చు. పిల్లలు అక్కడే పుట్టి పౌరులై ఉంటే వాళ్ల తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇవి తెలియక సాయం అందని కుటుంబాలను నేను కళ్లారా చూశాను. ఆ రోజుల్లో మమ్మల్ని ఆదుకున్నది పక్కవీధి చర్చి వాళ్లు, వంద మైళ్ల అవతల నుంచి అన్నం, పప్పు వండి తెచ్చిన తెలుగు కుటుంబాలు. వాళ్ల మేలు ఎన్నటికీ మరువలేను.

ఇప్పటికైనా మన పిల్లలకు చెప్పవలసింది పెద్దగా ఏమీ లేదు. ఇల్లు అద్దెకు తీసుకునే రోజునే, టోర్నడో వస్తే ఎక్కడికి వెళ్లాలని అడగాలి. కింది అంతస్తు, మధ్య గది, కిటికీ ఉండకూడదు. పై అంతస్తులో ఉంటే కింద ఉన్నవాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. మొబైల్ హోమ్ (వేరే చోట తయారుచేసి తెచ్చి నిలబెట్టే తేలికపాటి ఇల్లు) అయితే అందులో ఉండనే కూడదు, వాచ్ అన్నప్పుడే గట్టి భవనానికి వెళ్లిపోవాలి. వాచ్ అంటే రావచ్చు అని, వార్నింగ్ అంటే వచ్చేసినట్టే. సైరన్ బయట ఉన్నవాళ్ల కోసం పెట్టింది, ఇంట్లో నిద్రపోతున్నవాళ్లకు వినపడకపోవచ్చు, కాబట్టి ఫోన్లో ఎమర్జెన్సీ అలర్ట్‌లు చికాగ్గా ఉన్నాయని ఆపేయొద్దు. సైకిల్ హెల్మెట్ ఉంటే నెత్తిన పెట్టుకోమని బర్మింగ్‌హామ్‌లోని యూనివర్సిటీ పరిశోధకులు 2011 తర్వాత గట్టిగా చెప్పారు. కాళ్లకు బూట్లు కూడా ముఖ్యం, బయటికొచ్చాక నేలంతా గాజు పెంకులు, మేకులే. ఏప్రిల్, మే నెలలు దాటితే భయం లేదనుకోవడానికీ లేదు. 2021లో కెంటకీలోని మేఫీల్డ్ మీద పడింది డిసెంబరు నెలలో, అదీ రాత్రిపూట.

2007లో అలబామాలోని ఎంటర్‌ప్రైజ్ హైస్కూల్లో ఎనిమిది మంది పిల్లలు టోర్నడోకి బలయ్యారు. ఆ తర్వాత కొత్తగా కట్టే ప్రభుత్వ స్కూళ్లలో గట్టి షెల్టర్ ఉండాలని ఆ రాష్ట్రం చట్టం తెచ్చింది. వాళ్ల పిల్లల కోసం వాళ్లు ఆ పని చేసుకున్నారు. మన పిల్లల కోసం మనం ఒక అరగంట కేటాయించలేమా? లక్షలు ఫీజు తీసుకునే కన్సల్టెన్సీలు విమానం ఎక్కేముందు పెట్టే ఓరియెంటేషన్‌లో ఆ అరగంట దీనికి ఇవ్వాలి. అమెరికాలోని తెలుగు సంఘాలు కొత్తగా వచ్చిన విద్యార్థులకు ఆగస్టులో పెట్టే విందుల్లో ఈ మాట చెప్పాలి. మీరు ఈ ఏడాది వేసే అమెరికా చదువుల పేజీల్లో ఒక పావు పేజీ దీనికి కేటాయించండి. రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను, అక్కడ స్థిరపడ్డ మరికొందరు కూడా చేయి కలుపుతామన్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హంట్స్‌విల్, అలబామా