స్కిల్స్ ల్యాబ్‌లో ఆ పెద్దావిడకి

నిన్న టెక్సస్ నర్సింగ్ బోర్డు సైట్లో నా పేరు ఎదురుగా ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు, అని పడింది. ఒళ్లు హూనమైపోయింది, నిద్ర తీరలేదు. అయినా ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేను.

మావారు, అత్తయ్యగారు, పిల్లలు: మీకు థ్యాంక్స్ అని వేరే చెప్పాలా.

ఇదంతా ఒకావిడ గురించి. కాలేజీలో నర్సింగ్ పనులు సాధన చేసే స్కిల్స్ ల్యాబ్‌కి వారానికి రెండు రోజులు వచ్చే రిటైరైన నర్సు. నేనెవరో ఆవిడకి తెలీదు. ఎల్‌వీఎన్ (ఆర్ఎన్ కింద పనిచేసే లైసెన్స్‌డ్ వొకేషనల్ నర్సు) నుంచి ఆర్ఎన్ అయ్యే బ్రిడ్జి కోర్సులో డోసు లెక్కల పరీక్ష ఉంటుంది. మా కోర్సులో 90 శాతం రావాలి, రెండుసార్లు తప్పితే సీటు పోతుంది. నేను ఒకసారి తప్పాను. ఆవిడ నా పేపరు తీసుకుని, చేతులు తుడుచుకునే కాగితం మీద హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) లెక్క మళ్లీ వేయించారు. రోగి బరువు 176 పౌండ్లు. ఆర్డరు కిలోకి గంటకు 18 యూనిట్లు. బ్యాగులో 250 ఎంఎల్‌కి 25,000 యూనిట్లు, అంటే ఎంఎల్‌కి 100. ముందు 176ని 2.2తో భాగిస్తే 80 కిలోలు. 80 పద్దెనిమిదులు 1,440 యూనిట్లు. పంపులో కొట్టాల్సింది గంటకు 14.4 ఎంఎల్. నేను పౌండ్లనే కిలోలనుకుని 31.7 వేశాను. రెండింతలు దాటిన హెపారిన్, మనిషికి రక్తస్రావమే. ప్రతి అంకె పక్కన యూనిటు రాయించి, భిన్నంలో పైనా కిందా ఒకటే అయిన యూనిట్లని ఎర్ర పెన్నుతో కొట్టించారు. రౌండ్ చేయడం చివర్లోనే అన్నారు. ల్యాబ్ మూసే టైము దాటి నలభై నిమిషాలు కూర్చున్నారు, తన శాండ్‌విచ్‌లో సగం నా ముందుకు తోశారు. కారెక్కాక ఏడుపు ఆగలేదు.

ఆర్ఎన్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌లో మన ఎల్‌వీఎన్‌లు ఎక్కడ దెబ్బతింటారో కూడా ఆవిడే పట్టుకున్నారు. ఏ ప్రశ్నకైనా చెయ్యి "ఆర్ఎన్‌కి చెప్పాలి" అన్న జవాబు మీదకే పోతుంది. ఇక్కడ ఆర్ఎన్ మనమే. కొత్త రోగి మొదటి అసెస్‌మెంటు, డిశ్చార్జి టీచింగు ఎల్‌వీఎన్‌కి అప్పగించకూడదు. నిలకడగా ఉన్న రోగికి మాత్రలు, డ్రెస్సింగు అప్పగించవచ్చు. ఆ పరీక్ష 85 ప్రశ్నలకే ఆగొచ్చు, 150 దాకా పోవచ్చు, గడువు అయిదు గంటలు.

ఒక్క మాట కడుపులో దాచుకోలేను. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ చదివి అయిదేళ్లు దాటితే మా కాలేజీలో చెల్లవు. రోజూ ఇన్సులిన్ ఇచ్చే చేతులు మళ్లీ ఫీజు కట్టి, ఆ ఇన్సులిన్ తయారయ్యే క్లోమం పాఠం చదవాలి. క్లినికల్స్, అంటే ఆసుపత్రిలో రోగుల దగ్గర శిక్షణ, పొద్దున్న ఆరున్నరకే. బ్రిడ్జిలో చేరేదే డ్యూటీలు చేసుకునేవాళ్లు, రాత్రి షిఫ్టు దిగి నిద్ర లేకుండా రోగి దగ్గరికి ఎలా వెళ్తాం? సాయంత్రం బ్యాచ్ ఒక్కటి పెట్టలేరా? చేరబోయేవాళ్లు ముందు మీ మార్కుల జాబితాలో ఆ సబ్జెక్టుల తేదీలు చూసుకోండి.

అయ్యో, మర్చిపోయా: నా శనివారం షిఫ్టులన్నీ తీసుకున్న కేరళ సిస్టర్. ఆర్థిక సాయం కౌంటర్లో ఫారం మూడుసార్లు దిద్దిన అబ్బాయి. ఇంకా, పరీక్ష రిజిస్ట్రేషన్‌లో నా ఇంటిపేరు, పేరు తారుమారయ్యాయని ముందే గమనించిన క్లాస్‌మేట్. ఐడీలో ఉన్నట్టే పేరు లేకపోతే లోపలికి రానివ్వరు, తను చూడకపోతే గుమ్మంలోనే ఆగిపోయేదాన్ని.