ఇంజిన్ లేని బండి ఎక్కిన పాపకు

కర్నూలు, ఆదివారం రాత్రి

పాపా,

నువ్వు ఫోన్ పెట్టేసి మూడు గంటలైంది. ఫోన్లో నేను సరిగ్గా మాట్లాడలేదు, "సరే, జాగ్రత్త" అని ఊరుకున్నాను. కోపంగా వినిపించి ఉంటుంది. కోపమే, కాదనను. అక్కడ జర్మనీలో గ్లైడర్ అనే ఇంజిన్ లేని విమానం ఎక్కి, దిగాక చెప్పావు గానీ ఎక్కే ముందు ఒక్క ముక్క చెప్పలేదు కదా. నిద్ర పట్టక ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను. పొద్దున ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతాను. నా కోడిగీతలు చదవడం నీకు అలవాటే.

ఈ మూడు గంటలూ గ్లైడర్ వీడియోలే చూశాను. నువ్వెక్కింది ఏ.ఎస్.కె. 21 అన్నావు కదా. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 17 మీటర్లట, మా బస్సు పొడుగు కంటే ఎక్కువ. బరువు మాత్రం ఖాళీగా 360 కిలోలే, మంచి ముర్రా గేదె ఇంకా ఎక్కువ తూగుతుంది. గాలి నిలకడగా ఉంటే 1 కిలోమీటరు ఎత్తు నుంచి 34 కిలోమీటర్లు పోతుందట, చుక్క డీజిల్ లేకుండా! లీటరుకి 5 కిలోమీటర్లు దాటించినందుకు డిపోలో నాకు దండ వేశారు. ఆ ఫోటో ఇంకా హాల్లో గోడకే ఉంది. ఇక తీసేయాలేమో.

నాకు టెన్షన్ పెట్టింది నువ్వు పైకెళ్లిన తీరు. నీ బండికి కట్టిన తాడుని కిలోమీటరు దూరంలో మిషను చుట్టేస్తుంటే మూడు సెకన్లలో వంద స్పీడు, ముక్కు ఆకాశానికి, నిమిషం తిరక్కుండానే 400 మీటర్ల ఎత్తు. తాడు తెగితే? అదే వెతికాను. ఆ తాడులో కావాలనే బలం తక్కువ ముక్క ఒకటి పెడతారట, లాగుడు మరీ ఎక్కువైతే రెక్కలకి దెబ్బ తగలకముందే అది తెగిపోవడానికి. మన ఇంటి ఫ్యూజు తీగ లాంటిదన్నమాట. అది చదివాకే మంచినీళ్లు తాగాను. ఆ తర్వాత ఉండబట్టలేక మీ జర్మనీ ఆయన లిలియెంతాల్ కథ కూడా చదివాను. కొంగల్ని చూసి రెక్కలు కట్టుకుని రెండు వేల సార్లకు పైగా ఎగిరి, 1896లో కిందపడి చనిపోయాడట. అర్ధరాత్రి చదవాల్సింది కాదు.

అక్కడ 14 ఏళ్ల పిల్లలు గ్లైడర్‌లో ఒంటరిగా ఎగురుతారని, కారు ఒంటరిగా నడపాలంటే మాత్రం 18 రావాలని చెప్పావు. దానికి ఏమనాలో నాకు ఇంకా తోచలేదు.

కానీ పాపా, నీ మాట ఒకటి చెవిలోనే ఉండిపోయింది. తాడు టక్కున ఊడాక ఒక్కసారిగా చప్పుడంతా పోయింది, గాలి హోరు ఒక్కటే మిగిలింది అన్నావు. ముక్కు దించితే హోరు పెరిగింది, ఎత్తితే తగ్గింది, మీటరు చూడకుండానే స్పీడు తెలిసింది అన్నావు. 31 ఏళ్లు నేను బస్సు తోలింది అట్లాగే. ఇంజిన్ గొంతు విని గేరు మార్చేవాణ్ణి. నీకు ఇంజినే లేదు, అయినా చెవితోనే పట్టుకున్నావు.

దున్నిన పొలం మీదికి రాగానే కింద నుంచి ఎవరో ఎత్తినట్టయిందని, అక్కడే గుండ్రంగా తిరుగుతూ 1100 మీటర్లకి వెళ్లామని చెప్పావు. పచ్చటి పైరు కంటే దున్నిన నేల తొందరగా వేడెక్కుతుంది, ఆ వేడిగాలి పైకి లేస్తుంది. నువ్వు చూసిందే ఇది కూడా. ఎండాకాలం తాత చేలో సుడిగాలి లేచి చెత్తంతా పైకి తీసుకుపోతుంటే, నువ్వు పరిగెత్తి దాని మధ్యలో నిలబడేదానివి, గుర్తుందా? అవ్వ తిట్టేది, దెయ్యం పడుతుందని. గద్దలు రెక్క కొట్టకుండా తిరిగేది అట్లాంటి గాలి మీదే. మొత్తానికి దెయ్యం పట్టింది!

ఇక దిగడం. బస్సుకీ ఎయిర్ బ్రేకే, నీ బండికీ ఎయిర్ బ్రేకే. మా బ్రేకు గాలితో పనిచేస్తుంది. మీది నీలం పిడి లాగితే రెక్కలోంచి పలకలు లేచి గాలిని చెడగొడతాయట. రన్‌వేకి కావాలనే ఎత్తుగా వచ్చి, ఆ పిడితో ఎత్తు కొంచెం కొంచెంగా వదులుకుంటూ దిగుతారు. ఎత్తు తక్కువైతే మళ్లీ పైకి లేపడానికి ఇంజిన్ లేదు కదా. ఇది నాకు ఎవరూ వివరించక్కర్లేదు.

2001 శివరాత్రి మరునాడు శ్రీశైలం నుంచి దోర్నాల ఘాట్ దిగుతున్నాను. బండి నిండా భక్తులు. రాయి ఎగిరి కింద పైపుకి తగిలినట్టుంది, ఎయిర్ దిగిపోతోంది, ముల్లు పడిపోతోంది. పెడల్ తొక్కితే ఏమీ లేదు. అది పాత బండి. మూడో గేరు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి దించి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండవైపు మట్టికట్టకి రాసుకుంటూ ఆపాను. ఎవరికీ గీత పడలేదు. పులిహోర ఒలికిందని ఒక ముసలామె మాత్రం నన్ను చెడామడా తిట్టింది. అప్పటికి నువ్వు పుట్టడానికి ఇంకా రెండు నెలలు. ఇంటికొచ్చి టైరు పంచరైందని మీ అమ్మకి చెప్పాను. ఈ రోజుకీ ఆమెకి పంచరే.

కాబట్టి నీ మీద కోపం ఎంతసేపు పెట్టుకోను.

మీ అమ్మ అడిగితే నువ్వు స్నేహితులతో పార్కుకి వెళ్లావన్నాను. నమ్మినట్టు లేదు. నువ్వే చెప్పుకో, నావల్ల కాదు. ఎగిరింది ముప్పై ఎనిమిది నిమిషాలైనా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరితోపాటు రెక్క కొస పట్టుకుని, గ్లైడర్లు నెట్టి, తాళ్లు మోశావని కూడా చెప్పు. ఇంట్లో గ్లాసు కడగని పిల్ల అని తిట్లు ఇంకా గట్టిగా పడతాయి.

వచ్చే శనివారం మళ్లీ అన్నావు కదా. ఎక్కే ముందు ఒక మెసేజ్, దిగాక ఒకటి. నీకు మధ్యాహ్నం పన్నెండంటే నాకు మూడున్నర. మిద్దె మీద ఉంటాను.

మీ నాన్న

తా.క.: అద్దం మీద అతికించిన ఆ ఎర్ర ఊలు దారం దిష్టికి అనుకున్నాను. బండి గాలికి నేరుగా పోతోందో లేదో చూడటానికట. మేం బంపర్‌కి కట్టే నిమ్మకాయల కంటే పనికొచ్చేదే.