వార్షిక నివేదిక 2021: మన సంఘం పనులు, ఐదేళ్ల నాటి గజం తగువు

సభ్యులందరికీ నమస్కారం.

ఏడాది చివర కార్యదర్శి నివేదిక ఇవ్వడం మన ఆనవాయితీ. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు. కాబట్టి ఇందులో లెక్కలు ఉండవు, జరిగిన పనులే ఉంటాయి.

ఏప్రిల్ 13న ప్లవ నామ ఉగాది జూమ్‌లోనే చేసుకున్నాం. పచ్చడి ఎవరింట్లో వాళ్లే కలుపుకున్నారు. పంచాంగ శ్రవణం మధ్యలో రెండుసార్లు ఆగినా చివరిదాకా అందరూ కూర్చున్నారు. టీకాలు వేయించుకున్నాక, వేసవిలో వైల్డ్‌వుడ్ మెట్రోపార్కులో వనభోజనాలు పెట్టుకున్నాం. ఏడాదిన్నర తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అప్పుడే. బతుకమ్మకు ఇక్కడ తంగేడు దొరకదు, బంతి, చామంతులతోనే పేర్చారు. దీపావళికి ఊళ్లోని ఫుడ్ బ్యాంకుకు బియ్యం, పప్పు డబ్బాలు ఇచ్చాం. మోసుకెళ్లిన పిల్లలకు ప్రత్యేకంగా థాంక్స్.

ఇక నవంబర్ కార్యక్రమం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. ఈ ఏడాది మనం చేసిన వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

ఈ ఆగస్టులో టొలీడో యూనివర్సిటీకి వచ్చిన విద్యార్థులు నన్ను అడిగారు: "ఆంటీ, ఒకే వీధిలో రెండు రంగుల జెండాలెందుకు?" అవి రెండు యూనివర్సిటీల జెండాలు. మన ఊరు టొలీడో ఒహాయోలో ఉంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఉన్న కొలంబస్ రెండున్నర గంటల దూరం, మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్ గంట దూరం. అసలు ఈ ఊరు మాదంటే మాదని 1835లో ఒహాయో, మిషిగన్ రెండూ సైన్యాలను సరిహద్దుకు తెచ్చారు. చివరికి టొలీడో ఒహాయోకు దక్కింది, మిషిగన్‌కు బదులుగా పైనున్న అప్పర్ పెనిన్సులా ఇచ్చారు. 1897 నుంచి రెండు యూనివర్సిటీల అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు ఆడుకుంటున్నాయి. ఈ ఆట వచ్చే వారం ఒహాయో స్టేట్ క్యాంపస్‌లో బోర్డుల మీద ఎం అక్షరం కనిపిస్తే ఎర్ర టేపుతో కొట్టేస్తారు. మన సంఘంలోనూ సగం ఇళ్లు ఇటు, సగం ఇళ్లు అటు. నేను ఆన్ ఆర్బర్‌లో చదువుకున్నదాన్ని.

2016 నవంబర్ 26న మనమంతా ఒక సభ్యుల ఇంట్లో, బేస్‌మెంట్‌లో కూర్చుని ఆట చూశాం. ఒహాయో స్టేట్ రెండో ర్యాంకు, మిషిగన్ మూడో ర్యాంకు. కొలంబస్ స్టేడియంలో లక్షా పదివేల మందికి పైగా ఉన్నారు. అసలు సమయం ముగిసేసరికి 17-17. అన్నేళ్ల ఈ పోటీలో ఓవర్‌టైమ్ (సమమైతే రెండు జట్లకూ చెరొక అవకాశమిచ్చే అదనపు రౌండు) దాకా వెళ్లిన మొదటి ఆట అది. మొదటి ఓవర్‌టైమ్‌లో చెరొక టచ్‌డౌన్, అంటే బంతిని అవతలి జట్టు గోల్ లైన్ దాటించడం; 24-24. రెండో దాంట్లో మిషిగన్ ఫీల్డ్ గోల్ (బంతిని కాలితో తన్ని వేసే మూడు పాయింట్ల గోల్) కొట్టి 27-24తో ముందుకెళ్లింది.

అప్పుడు ఒహాయో స్టేట్‌కు ఫోర్త్ డౌన్, అంటే పది గజాలు సాధించడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో చివరిది, వచ్చింది. కావలసింది ఒక్క గజం. ఫీల్డ్ గోల్ కొడితే స్కోరు సమం అయ్యేది. కానీ వాళ్ల కిక్కర్ ఆ రోజు అప్పటికే రెండు పోగొట్టాడు. కోచ్ అర్బన్ మేయర్ కిక్ వద్దనుకుని ఆ గజం కోసమే వెళ్లాడు. క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) జె.టి. బారెట్ బంతి పట్టుకుని ఎడమ వైపు పరుగెత్తి, సొంత జట్టు ఆటగాడి వీపునే గుద్దుకున్నాడు. అదే క్షణంలో మిషిగన్ డిఫెండర్ మీద పడ్డాడు. బంతి గీతను అందుకుందా, ఆగిపోయిందా? అందలేదంటే ఆట అక్కడే అయిపోయేది, మిషిగన్ గెలిచేది. అందిందని రిఫరీలు తేల్చారు. రీప్లే చూశాక కూడా అదే మాట నిలిచింది. ఆ వెంటనే తర్వాతి ప్రయత్నంలో ఒహాయో స్టేట్ ఆటగాడు కర్టిస్ శామ్యూల్ 15 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 30-27.

మిషిగన్ కోచ్ జిమ్ హార్బా విలేకరుల ముందు రెండు చేతులు ఎడంగా పెట్టి, బంతి ఎంత దూరంలో ఆగిందో చూపించాడు. రిఫరీలను విమర్శించినందుకు ఈ రెండు జట్లూ ఉన్న లీగ్ బిగ్ టెన్ కాన్ఫరెన్స్ ఆయన్ని బహిరంగంగా మందలించి, యూనివర్సిటీకి 10,000 డాలర్ల జరిమానా వేసింది.

మన బేస్‌మెంట్‌లో జరిగింది మీలో చాలామందికి గుర్తుంది. ఒకాయన గెలిచామని ఎగిరి గంతేస్తే, పట్టలేని కోపంలో ఒకరు "దొంగ గెలుపు" అన్నారు. ఆ మాట అన్నది నేనే. అవతల ఉన్నది రిఫరీ కాదు, నాకు ప్రసవమైనప్పుడు నెలరోజులు ఇంటికి క్యారేజీ పంపిన కుటుంబం. వాళ్లు భోజనం చేయకుండా కోట్లు వేసుకుని వెళ్లిపోయారు. పులిహోర గిన్నె మూత కూడా తీయలేదు. మరుసటి ఏడాది నుంచి ఎవరి ఆట వాళ్లింట్లోనే. మూడేళ్లు అలాగే గడిచాయి. 2020లో కోవిడ్ వల్ల ఆటే రద్దయింది. 1918 నుంచి ఏటా జరుగుతూ వచ్చిన ఆట ఆగడం అదే మొదటిసారి.

ఆట లేని ఆ ఏడాదే నాకు ఎక్కువ బాధేసింది. తిట్టుకోవడానికైనా పక్కన మనిషి ఉండాలి కదా.

అందుకే ఈ ఏడాది ఐదేళ్లయిన సందర్భంగా, ఆటకు వారం ముందు శనివారం సాయంత్రం రెండు పక్షాలనూ పిలిచి బారెట్ పరుగెత్తిన ఆ ఒక్క ఘట్టాన్ని తెర మీద మళ్లీ మళ్లీ చూశాం. మిషిగన్ వైపు పెద్దాయన ఒకరు ఇంటి నుంచి టేపు తెచ్చి, గోడ మీద గజం కొలిచి గీత గీశారు. ఒహాయో వైపు అక్కయ్య ఒకరు ఆ గీత ముందు పిల్లాడిని నిలబెట్టి, చంకలో బంతి పెట్టుకుని తిరిగి పడితే బంతి ఎక్కడుంటుందో చూపించారు. ఒక కోణంలో అందినట్టే ఉంది, ఇంకో కోణంలో అంగుళాల్లో ఆగినట్టుంది. మనుషుల గుంపు అడ్డం, బంతి సరిగ్గా కనపడే కోణం ఏదీ లేదు.

రూలు వివరించింది మాత్రం కొత్తగా వచ్చిన విద్యార్థే. క్రికెట్‌లో ఎల్‌బీడబ్ల్యూకి అంపైర్స్ కాల్ ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే అన్నాడు. మైదానంలో ఇచ్చిన నిర్ణయం తప్పని వీడియోలో తిరుగులేని సాక్ష్యం ఉంటేనే మారుస్తారు, లేకపోతే మొదటి మాటే నిలుస్తుంది. గీతకు ఇవతల ఆగాడని ముందే అని ఉంటే, రీప్లే దాన్ని కూడా మార్చేది కాదేమో. ఐదేళ్లలో ఈ సంగతి ఇంత తేలిగ్గా నాకెవరూ చెప్పలేదు.

ఇంకో విషయం కూడా ఆ సాయంత్రమే ఒప్పుకున్నాను. అసలు సమయంలో ఒహాయో స్టేట్ చేసిన రెండు టచ్‌డౌన్లూ మిషిగన్ విసిరిన బంతులను వాళ్లు మధ్యలో పట్టేసుకోవడం (ఇంటర్‌సెప్షన్) వల్ల వచ్చినవే. ఒకటి మాలిక్ హుకర్ పట్టుకుని నేరుగా గోల్ లైన్ దాటి ఎండ్ జోన్‌లోకి తీసుకెళ్లాడు. గోల్ లైన్ ముందు మా మిషిగన్ వాళ్లు బంతి జారవిడిచిన సందర్భం ఇంకొకటి ఉంది. అయినా బారెట్ ఆ గజం దాటలేదనే నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. అది నా అభిప్రాయం, మార్చుకోను. కానీ ఆ కోపం మన ఇంటి మనుషుల మీద చూపించడం నా తప్పు. ఆ కుటుంబం ముందు, అందరూ వింటుండగా క్షమించమని అడిగాను. ఆ ఇంటి అక్కయ్య ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు నా చేతిలో పులిహోర డబ్బా పెట్టి, "ఈసారి మూత తియ్యి" అంది.

నవంబర్ 27న ఆట కూడా కలిసే చూశాం. ఆన్ ఆర్బర్‌లో మంచు పడుతుండగా మిషిగన్ 42-27తో గెలిచింది. హసన్ హాస్కిన్స్ ఐదు టచ్‌డౌన్లు చేశాడు, ఏడన్ హచిన్సన్ క్వార్టర్‌బ్యాక్‌ను మూడుసార్లు పడగొట్టాడు. 2011 తర్వాత ఒహాయో స్టేట్ మీద మిషిగన్‌కు ఇదే మొదటి గెలుపు. ఒహాయో వైపు పిల్లలు కొందరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మిషిగన్ వైపు పిల్లలే వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నారు. పెద్దవాళ్లం ఎవరం చెప్పలేదు.

వచ్చే ఏడాదికి కొన్ని పనులు. ఉగాది ఈసారి హాలులోనే పెట్టాలని కార్యవర్గం అనుకుంటోంది, పరిస్థితి చూసి జనవరిలో చెబుతాం. సభ్యత్వ రుసుము ఇంకా కట్టనివాళ్లు కోశాధికారి గారిని కలవండి. 2022 ఆట కొలంబస్‌లో, నవంబర్ 26 శనివారం. 2016లో ఆడిన మైదానమే, ఆ తేదీయే. పాత బేస్‌మెంట్‌లోనే చూద్దామని ఆ ఇంటివాళ్లే పిలిచారు. వచ్చేవాళ్లు దీపావళిలోపు పేర్లివ్వండి. మడత కుర్చీలు తక్కువగా ఉన్నాయి, ఉన్నవాళ్లు తీసుకురండి. వంటల జాబితాలో పులిహోర నా పేరున రాసుకున్నాను.

ఇట్లు,
మీ కార్యదర్శి