16 గేజ్ అని డబ్బు తీసుకుని 22 గేజ్ జాలి పంపడంపై ఫిర్యాదు

హయత్‌నగర్, హైదరాబాద్
14 జులై 2025

ఫిర్యాదుల అధికారి గారికి,

నమస్కారం. జూన్ 2న మీ దగ్గర కోళ్ల గూటి కోసం మూడు చుట్టల వెల్డెడ్ జాలి కొన్నాను. అరంగుళం కన్ను, 16 గేజ్ తీగ, నాలుగడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు. గేజ్ అంటే తీగ మందం కొలత, ఆ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. చుట్టకు ₹5,400 చొప్పున ₹16,200 కట్టాను. కుక్కలు, ముంగిసలు కొరికినా తెగదని మీ ప్రకటనలో ఉంది. ఆ మాట చూసే కొన్నాను. జూన్ 27 రాత్రి రెండు వీధికుక్కలు ఆ జాలిని చీల్చుకుని వచ్చి 13 కోళ్లను చంపాయి. గాయపడినవి మరో రెండు తర్వాత పోయాయి.

మా 600 గజాల స్థలంలో ఆరేళ్లుగా పెరటి కోళ్లు పెంచుతున్నాను. ఆ రాత్రికి 42 ఉన్నాయి. సగం నాటువి, సగం గ్రామప్రియ. మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన రకం అది. గుడ్లు బాగా పెడుతుంది గానీ పొదగదు, పొదగడానికి నాటు పెట్టే కావాలి. పగలంతా వేపచెట్టు కింద మట్టి గీరుకుంటూ, చెదలు ఏరుకుంటూ తిరుగుతాయి. గద్ద నీడ పడితే చాలు, పుంజు ఒక్క కేక వేస్తుంది, అన్నీ పొదల్లోకి దూరిపోతాయి. పగలు తమను తాము కాచుకోవడం వాటికి తెలుసు. చీకటి పడితే మాత్రం కోడికి చూపు ఆనదు, కూర్చున్న చోటు నుంచి కదలదు. రాత్రికి వాటికి ఉన్న కాపలా ఆ జాలి ఒక్కటే. కోళ్ల గూళ్లకని చెప్పి అమ్ముతున్న మీకు ఈ సంగతి తెలియాలి.

రెండున్నరకు అరుపులు విని, టార్చి పట్టుకుని మేం వెళ్లేసరికి కుక్కలు గోడ దూకేశాయి. జాలి కింది మూలలో వెల్డు చుక్కలు వరసగా ఊడిపోయి, తీగలు చీపురు పుల్లల్లా విడివిడిగా వంగి ఉన్నాయి. వాటికి ఈకలు చిక్కుకుని ఉన్నాయి. మూలన గంపలో మా ఎర్ర పెట్ట 11 గుడ్ల మీద పొదుగులో ఉంది. ఆ రోజుకు 17 రోజులు, ఇంకో నాలుగు రోజులైతే పిల్లలయ్యేవి. అది గుడ్లు వదిలి లేవలేదు. గంపలోనే చచ్చిపోయి ఉంది. దాని కింద గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. చెంగులో చుట్టుకుని తెచ్చి, అప్పుడే పొదుగుకు వచ్చిన ఇంకో పెట్ట కింద పెట్టాను. మూడు పిల్లలయ్యాయి, ఎనిమిది మురిగిపోయాయి.

మర్నాడు తెగిన ముక్క ఒకటి కత్తిరించి రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ షాపుకు తీసుకెళ్లాను. మందం కొలిచే స్క్రూ గేజ్ పరికరంతో కొలిచి 0.7 మిల్లీమీటర్లు అన్నారు. 16 గేజ్ అంటే 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. 0.7 అంటే 22 గేజ్. విప్పకుండా ఉన్న మూడో చుట్టను తూకం వేయిస్తే 9 కిలోలు వచ్చింది. ఆ కొలతల్లో 16 గేజ్ చుట్ట 45 కిలోలకు పైనే తూగాలి. అంటే ఐదో వంతు ఇనుముకు మొత్తం ధర తీసుకున్నారు. బిగించే రోజే మేస్త్రీ "అమ్మా, ఇది చేతికి మరీ తేలిగ్గా ఉంది" అన్నాడు. చుట్టకు అంటించిన చీటీ మీద 16 గేజ్ అని ఉంది, నేను చీటీని నమ్మాను. ఆ చీటీ మీరు అంటించిందే, బిల్లూ మీరు ఇచ్చిందే.

మీ కస్టమర్ కేర్‌కు మూడుసార్లు ఫోన్ చేశాను. బిగించిన సరుకు వాపసు తీసుకునేది లేదన్నారు ఒకరు. బిగింపులో తప్పు ఉండొచ్చన్నారు ఇంకొకరు. కింద అడుగు మేర జాలిని బయటికి మడిచి, మట్టి కప్పి రాళ్లు పేర్చాం, కుక్క తవ్వినా లోపలికి దారి దొరకకుండా. అక్కడ మట్టి చెక్కు చెదరలేదు. తెగింది తీగ.

మిగిలిన 27 కోళ్లు ఇప్పుడు గూట్లోకి రావడం లేదు. సాయంత్రమైతే వేపచెట్టు ఎక్కుతున్నాయి. రోజూ నిచ్చెన వేసుకుని ఒక్కొక్కదాన్నే దించి లోపల పెడుతున్నాం. పట్టుకోగానే వణుకుతాయి. రోజుకు 15 గుడ్లు వచ్చేవి, ఇప్పుడు మూడో నాలుగో.

జాలి ధర ₹16,200, బిగింపు కూలి ₹3,000, చనిపోయిన 15 కోళ్లకు ₹700 చొప్పున ₹10,500, మొత్తం ₹29,700 నాకు ఇప్పించాలి. ఆ ప్రకటన వెంటనే తీసేయాలి. ఇదే సరుకు కొన్న వాళ్లందరికీ తీగ ఎంత మందమో మీరే ఫోన్ చేసి చెప్పాలి. నాకు డబ్బు ఇవ్వడం కన్నా ముందు జరగాల్సిన పని అది, ఎందుకంటే వాళ్ల కోళ్లు ఈ రాత్రి కూడా ఆ జాలి వెనకే పడుకుంటాయి.

ఆన్‌లైన్‌లో అమ్మే వాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోగా పరిష్కరించాలని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. నేను మొదటిసారి ఫోన్ చేసి 16 రోజులైంది, ఫిర్యాదు నంబరు కూడా ఇవ్వలేదు. ఈ నెల 28 లోపు లిఖితపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయిస్తాను, రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. బిల్లు, చీటీ, ఫొటోలు, తూకం రసీదు నకళ్లు జత చేశాను. తెగిన ముక్క, విప్పని చుట్ట నా దగ్గరే ఉన్నాయి. మీ మనిషిని స్క్రూ గేజ్‌తో పంపండి, ఆయన ముందే కొలిపిస్తాను.

ఇట్లు,
మీ జాలి కొన్న కోళ్ల పెంపకందారు,
హయత్‌నగర్